రాయి పడ్డ దిక్కు

"రాళ్ల సదువు సదివిందని అంటిరి. ఏమాయె, బియ్యంల రాళ్లు ఏరనీకి అక్కెరకొచ్చె."

పెళ్లయిన కొత్తలో హనుమాయమ్మ ఈ మాట అంటే ఇంటిల్లిపాదీ కడుపుబ్బ నవ్వారు. పదిహేనేళ్లయినా ఆ మాట పాతబడలేదు. ఆ ఆదివారం పొద్దున కూడా మంజులత చేట ముందేసుకుని కూర్చున్నదో లేదో అత్తగారు మళ్లీ అదే అన్నది. మంజులత నవ్వింది. నవ్వకపోతే పొగరంటారు, నవ్వితే ఎవరూ ఏమీ అనరు. అలాంటప్పుడు నవ్వడమే మేలు కదా.

ఆ మధ్యాహ్నం భోజనానికి వైశాలి వస్తున్నది. బిచ్కుంద పటేళ్ల బిడ్డ, హైదరాబాదులో మంజులతతో రెండేళ్లు ఒకే గదిలో ఉండి ఎమ్మెస్సీ జియాలజీ చదివిన వైశాలి. ఇప్పుడు గోవాలో సైంటిస్టు. ఆ మధ్య ఏదో దేశం ఓడెక్కి అంటార్కిటికా సముద్రానికి పోయి రెండు నెలలు ఉండి వచ్చిందని పేపర్లో జిల్లా పేజీలో ఇంత ఫొటో వేశారు. అన్న కొత్త ఇంటికి వచ్చి, నాలుగు రోజులు బిచ్కుందలోనే ఉంటున్నదట. మంజులత భర్త భానుప్రసాద్, బాన్సువాడ జూనియర్ కాలేజీ లెక్చరర్, ఆ వార్తను ఇప్పటికి మూడుసార్లు పైకి చదివాడు.

"ఇను మంజులా. మనం పొలంల బోరేసినట్టే, ఓడ మీదికెళ్లి సముద్రం అడుగుల బోరేస్తరట. గొట్టంల బురద, రాళ్లు పొరలు పొరలుగ పైకొస్తయట. గా పొరలను చూసి, లక్షల ఏండ్ల కిందట మంచు ఎప్పుడు పెరిగింది, ఎప్పుడు కరిగింది చెప్తరట. ఆడమనిషి! మన బిచ్కుంద ఆడమనిషి!"

తనకు తెలియనట్టు చెప్తున్నాడు. మంజులతకు కడుపులో భగ్గుమన్నది. అది కుళ్లు. అచ్చమైన, నిఖార్సైన కుళ్లు. దానికి ఇంకో మర్యాదైన పేరు పెట్టాలని ఆమె ఎన్నడూ అనుకోలేదు. ఎందుకుండదు? వైశాలి ప్రాక్టికల్ రికార్డు మొత్తం మంజులత రికార్డు చూసి ఎత్తిరాసిందే. తొంభైలో పరిశోధన సీటు మొదట వచ్చింది మంజులతకు. వైశాలి పేరు దాని కింద, వెయిటింగ్ లిస్టులో. అప్పుడే ఈ సంబంధం కుదిరింది. "సదువుకోనిస్తం, మేమేం మొరటోళ్లమా?" అన్నారు పెళ్లిచూపుల్లో. పెళ్లయ్యాక "ఈ ఒక్క ఏడు ఆగు" అన్నారు. ఆ సీటు వైశాలికి పోయింది. మరుసటేడు మంజులత కడుపుతో ఉంది, ఆ పైయేడు, ఇప్పుడు హాస్టల్లో చదువుతున్న పిల్లను చంకనేసుకుని ఉంది, తర్వాత అడగడమే మానేసింది. సీటు ఇచ్చింది తనేనన్న సంగతి తనకు తప్ప ప్రపంచంలో ఎవరికీ గుర్తులేదు. వైశాలికి గుర్తుందో లేదో!

ఒంటిగంటకు వైశాలి వచ్చింది. కత్తిరించిన జుట్టు, నలిగిన కాటన్ డ్రెస్సు, ఎండకు కమిలిన ముఖం. అందంగా ఉంటే ఒక బాధ తీరిపోయేది, సోకులరాయుడమ్మ అని తిట్టుకునేది. అలా కూడా కాకుండా హాయిగా ఉన్నది మనిషి. "మంజీ!" అంటూ గట్టిగా వాటేసుకున్నది.

భానుప్రసాద్ "మేడం, మేడం" అంటూ ముందుగదిలో కుర్చీ తుడిచి వేశాడు. మంజులత వంటింటికీ ముందుగదికీ మధ్య తిరుగుతూ వడ్డించింది. నాలుగు కూరలు, పచ్చిపులుసు, సర్వపిండి. తిన్నంతసేపూ ప్రశ్నలన్నీ వైశాలికే.

"ఓడల గంతమందికి వంట ఎవలు జేస్తరు బిడ్డా?" అని హనుమాయమ్మ అడిగింది.

"వంటోళ్లు ఉంటరు అవ్వా. రోజుకు నాలుగుసార్లు పెడ్తరు. తిన్న పల్లెం గూడ మనం కడగం. పన్నెండు గంటలు పని, పన్నెండు గంటలు నిద్ర, చదువు. ఎవరూ పిలువరు."

మంజులత చేతిలోని గరిటె పప్పుగిన్నెలోనే ఆగిపోయింది. మంచుకొండలు చూశానంటే ఓర్చుకున్నది. పెంగ్విన్లంటే నవ్వింది. తిన్న పళ్లెం కడగరట, పన్నెండు గంటలు ఎవరూ పిలవరట! అక్కడ మాత్రం కళ్లల్లో నీళ్లు తిరిగాయి, తాలింపు ఘాటు అని చెప్పి లోపలికి పోయింది.

"మంజుల కూడ మంచిగనే చదివేది మేడం" అంటున్నాడు భానుప్రసాద్ ముందుగదిలో. "నేను రాసిన పోటీ పరీక్షల గైడుల భూమి, వాతావరణం చాప్టర్లకు హెల్ప్ చేసింది. థాంక్స్ గూడ చెప్పిన, మొదటి పేజీల."

ఆ రెండు చాప్టర్లూ అక్షరం అక్షరం మంజులత రాసినవి. అచ్చులో ఆమె పేరు కూడా లేదు, "నా శ్రీమతి సహకారానికి కృతజ్ఞతలు" అని ఉన్నది.

భోజనాలయ్యాక వైశాలి సంచిలోంచి పొడుగాటి కాగితం చుట్ట తీసి వెనక వసారాలో నేల మీద పరిచింది. బోరులో వచ్చిన మట్టి ఫొటో, అసలు కొలతలో. నూట ఎనభై మీటర్ల గొట్టాన్ని మూరల లెక్క ముక్కలుగా కోసి, ప్రతి ముక్కనూ నిలువునా రెండుగా చీలుస్తారు. ఒక సగం పరీక్షలకు, రెండో సగం ఎవరూ ముట్టుకోకుండా గోవాలో దాచడానికి. ముక్క పైకొసకు నీలం మూత, కిందికొసకు తెల్లమూత. ఏది పై, ఏది కింద అన్నది పోతే కథ మొత్తం పోయినట్టే.

"గీ ముక్కే నా అదృష్టం మంజీ" అని ఒకచోట వేలు పెట్టింది వైశాలి. "కింద మంచు ఈడ్చుకొచ్చిన గులకమట్టి, మీద సముద్రంల పేరుకున్న పచ్చటి సన్నబురద. అంటే మంచు పోయి సముద్రం తెరుచుకున్నది. అందరు మంచు పెరిగిందనుకునే కాలంల! సైన్సు పత్రికకు వ్యాసం ఎల్లుండి మంగళవారం పంపుత."

భానుప్రసాద్ పిలిచాడని వైశాలి ఫొటోలు దిగడానికి లేచిపోయింది. మంజులత కాగితం మీదికి వంగింది. పచ్చబురదలో గోళీకాయంత నల్లరాయి ఒకటి ఉంది. తేలుతూ పోయే మంచుగడ్డ కరిగితే అందులోని రాయి జారి అడుగు బురదలో పడుతుంది. పడ్డచోట కింది పొరలు తెగి నలుగుతాయి. తర్వాత వచ్చిన బురద పైనుంచి తెగకుండా దుప్పటిలా కప్పుతుంది. ఎమ్మెస్సీ రెండో ఏట చదివిన పాఠం అది. ఇక్కడేమో తెగిన పొరలు రాయికి పైన ఉన్నాయి, దుప్పటి కింద ఉంది. మంజులత కాగితానికి ఇంకా దగ్గరగా జరిగింది. ఇంకో రాయి వెతికింది. అదీ అంతే. మూడోదీ అంతే. రాయి ఎక్కడన్నా కిందినుంచి పైకి పడుతుందా? పనివాళ్లు మారే గంటలో ఎవరో మూతలు అటుదిటు, ఇటుదటు పెట్టి ఉంటారు. ముక్క తలకిందులైంది. తర్వాత వాళ్లందరూ మూత రంగు చూసి రాశారు తప్ప రాయిని చూడలేదు. అంటే మంచు పోలేదు, వచ్చింది. వైశాలి అదృష్టం మొత్తం తప్పు.

చెప్పలేదు. చెప్పకపోగా మనసు పండగ చేసుకుంది. పంపనీ! అచ్చు కానీ! ఎవడో తెల్లదొర పట్టుకుని నలుగురిలో కడిగేస్తే అప్పుడు తెలుస్తుంది, ఎత్తిరాసిన రికార్డుకు ఎంత దూరం పోవచ్చో. "కాగితం ఒకరోజు నా దగ్గర ఉంచవే, చూసుకుంట" అని అడిగితే, "నా దగ్గర ఇంకోటుంది, ఉంచుకో" అని పాపం సంతోషంగా ఇచ్చేసి పోయింది వైశాలి.

సోమవారం పొద్దున కూడా మంజులత ఆ సంతోషంలోనే ఉప్మా కలియబెట్టింది. భానుప్రసాద్ టిఫిన్ చేస్తూ ఇంకా వైశాలి ముచ్చటే.

"నిజం చెప్పాలంటే మంజులా, నువ్వు అప్పట్ల పోయినా నీతోని గంత అయ్యేది కాదు. గామె తీరే వేరు. గా కన్నే వేరు. ఇంకింత చట్నీ ఎయ్యి."

చట్నీ వేసింది. వేసి, వంటింట్లోకి వచ్చి గట్టు పట్టుకుని నిలబడింది. కోపం రాలేదు. భయం వేసింది. ఈయన అన్నది అబద్ధమని తెలిసిన మనిషి లోకంలో తనొక్కతే. రేపు ఎవడో ఆ తప్పు పట్టుకుంటాడు, వాడి పేరు నిలుస్తుంది. బాన్సువాడలో ఒకామె పప్పుగరిటె పట్టుకుని వాడికంటే ముందే చూసిందని ఎవరికి తెలుస్తుంది? చూసిన కన్ను కూడా ఆ రెండు చాప్టర్ల లాగే మాయమవుతుంది. ఈసారి మాయం చేసింది మొగుడు కాదు, అత్త కాదు, తనే.

స్టవ్ ఆర్పేసింది. పొయ్యి మీది ఎసట్లో బియ్యం పోయనేలేదు.

"అత్తమ్మా, బిచ్కుంద పోయొస్త."

"వంట?"

"కాలే."

"కాలే అంటే ఏందే?" అని హనుమాయమ్మ వాకిట్లోకి వచ్చేసరికి కోడలు చుట్ట చంకలో పెట్టుకుని బస్టాండు దారి పట్టింది.

వైశాలి అన్న ఇంట్లో కొత్త సున్నం వాసన ఇంకా పోలేదు. మంజులత చెప్పులు విప్పి నేరుగా నేల మీద కాగితం పరిచింది. "గీ రాయి ఏ దిక్కు నుంచి పడ్డదే?" అన్నది.

"మీదికెళ్లి. ఇంకెట్ల పడుతది?"

"మరి మీది పొరలు ఎట్ల తెగినయ్?"

వైశాలి నవ్వబోయింది. "మీద నీలంమూతనే ఉన్నది గద, మేమంత చూసినం" అన్నది. తర్వాత వంగింది. రెండో రాయి దగ్గర నవ్వు పోయింది. మూడో రాయి దగ్గర గోడకు చేరగిలబడి కూర్చుంది.

"నా వ్యాసం పోయింది మంజీ. దీని మీదనే నిలబెట్టిన."

"ఒక్క ముక్క పోయింది. మిగతా నూట ఎనభై మీటర్లుంది. తలకిందులైంది గీ ఒక్కటేనా, ఇంకెన్ని ఉన్నయో, దాచిపెట్టిన సగాలు తీసి మొదటికెళ్లి చూడాలె. గోవాలనే ఉన్నయ్ గద?"

"ఉన్నయ్. ఎట్ల చెప్పాలె నీకు? పరువు కాపాడినవ్. వ్యాసం కింద థాంక్స్‌లల్ల నీ పేరు..."

"థాంక్స్ నాకొద్దు." గొంతు ఎంత గట్టిగా లేచిందంటే లోపల్నుంచి వైశాలి వదిన తొంగిచూసింది. "థాంక్సులు మా ఇంట్ల బొచ్చెడున్నయ్. రాసినోళ్లల్ల పెట్టు. నేను గోవా వస్త. ముక్కలన్నీ నేను గూడ చూస్త. ఎన్ని రోజులైతే అన్ని రోజులు."

"మీ ఆయన పంపుతడా?"

"నేనేమన్న పార్సిలునా పంపనీకి? రైలెక్కుత."

వైశాలి ఆమె ముఖంలోకి చూసింది. "ఒక్కమాట అడుగుత. సీటు నీది. నేనెన్నడు మరువలే. నామీద నీకు కోపం లేదా?"

"కోపం గాదు. కుళ్లు. పదిహేనేండ్ల కుళ్లు. గీ తప్పు నిన్ననే చూసిన వైశాలీ. నువ్వు నలుగుట్ల నవ్వులపాలు కావాలెనని నోరు మూసుకున్న. ఓర్వలేక చూసిన కాబట్టే కనవడ్డది."

వైశాలి తల దించుకుంది, మళ్లీ ఎత్తింది. "మరి ఎందుకొచ్చి చెప్పినవే?"

"నీ పరువు పోతే పోనీ అనుకున్న" అన్నది మంజులత. "నేను చూసింది గూడ దాంతోనే పోతుంటె, పాణం ఒప్పలే."