మలుపు దగ్గర హారన్

పుల్లలచెరువు దాటి అడవి అంచు ఊళ్ళకు పోయే దారిలో, గుట్ట ఎక్కుతూ కుడికి తిరిగే మలుపు ఒకటుంది. కృపావరం చనిపోయింది అక్కడే. ఆయన నడుపుతున్న పాత అంబాసిడర్ రోడ్డు దిగి తుప్పల్లో ఆగింది. కారుకు పెద్ద దెబ్బేమీ తగల్లేదు. గుండె ఆగిపోయి ఉంటుందన్నారు.

ఆయన భార్య రూబీ ఆ ఊళ్ళకు నర్సు. బస్సులు సరిగా లేని దారి. ఆయన ఉన్నప్పుడే డ్రైవింగు నేర్చుకుంది కాబట్టి, చర్చివాళ్ళు పెట్టిన ఆదరణ కూడిక అయ్యాక టీకాల డబ్బా వెనక సీట్లో పెట్టుకుని అదే కారులో డ్యూటీకి బయల్దేరింది.

ఆ మలుపు తిరుగుతుంటే హారన్ మోగింది.

ఆమె చేతులు రెండూ స్టీరింగు చక్రం అంచునే ఉన్నాయి. నడుమనున్న బటన్ మీద లేవు. ఒక్కసారి, పొట్టిగా మోగి ఆగిపోయింది. ఇంటి ముందు కారాపి ఆమెను పిలవడానికి ఆయన కొట్టే తీరు అదే.

తరువాతి వారమూ అంతే. కొండ దిగి వచ్చేటప్పుడు మోగదు. మార్కాపురం బజార్లో మోగదు. ఆ మలుపులోనే, ఎక్కేటప్పుడే. రూబీ అద్దంలో వెనక సీటు చూడటం మానేసింది. మలుపు రాకముందే ప్రార్థన పెదాల మీదికి వచ్చేది. అయినా మోగేది.

అత్త పిచ్చమ్మకు చెబితే ఆమె గోడకు చేరగిలబడింది. "వాడే నిన్ను పిలుస్తాండాడు. ఆ బండి అమ్మేయమ్మా."

రూబీ అమ్మలేదు. మార్కాపురంలో పలకల ఫ్యాక్టరీల దగ్గర షెడ్డు నడిపే ఆటో ఎలక్ట్రీషియన్ మహేష్ దగ్గరికి తీసుకుపోయింది. అతను అంతా విని నవ్వలేదు.

"స్టీరింగు లోపల వైరు అరిగి ఇనుముకు తగుల్తాంటుంది అక్కా. పాత బండ్లకు ఇది మామూలే," అని ఆ వైరు మార్చాడు. నమ్మకం కోసం తానూ వస్తానని పక్కసీట్లో కూర్చున్నాడు.

మలుపులో హారన్ మోగింది.

మహేష్ కారు ఆపించి, స్టీరింగు మీది బటన్ ఊడదీశాడు. దాని వైరు తెంపి కొనకు టేపు చుట్టాడు. "ఇంక కొడదామన్నా కొట్టలేం. వెనక్కి దిగి మళ్ళా ఎక్కు."

ఆమె దిగింది, ఎక్కింది. బటనే లేని కారులో హారన్ మోగింది.

మహేష్ నుదురు తుడుచుకున్నాడు. "షెడ్డుకు పోదాం పా అక్కా," అన్నాడు మెల్లగా.

షెడ్డులో బానెట్ ఎత్తి, హారన్‌కు కరెంటు అందించే రిలే విప్పాడు. బటన్ నుంచి ఒక వైరు రావాల్సిన చోట రెండున్నాయి. రెండోది ఎవరో చేత్తో కలిపింది. నల్లటేపు నీటుగా చుట్టి, మిగతా వైర్ల మధ్య కనిపించకుండా దాచినట్టుంది. దాన్ని వేళ్ళతో పట్టుకుంటూ పోతే కారు లోపలికి, డ్రైవరు కాళ్ళ కింది మ్యాట్ దగ్గరికి తీసుకుపోయింది.

"అక్కా, సీట్లో కూర్చో. ఆ మలుపులో ఎడమకాలు ఏడ పెడ్తావు?"

ఆమె ఆలోచించింది. ఎత్తులో కుడికి తిరిగేటప్పుడు ఒళ్ళు ఎడమకు వాలుతుంది. క్లచ్ వదిలాక కాలు దాని పక్కన ఎడమ మూలకు ఆనుతుంది. ఆనించి చూపింది. హారన్ మోగింది. ఆమె కెవ్వుమని కాలు వెనక్కి లాక్కుంది.

మహేష్ మ్యాట్ ఎత్తాడు. రేకుకు బిగించిన ఒక గుండ్రటి తెల్ల బటన్. లోపలి స్ప్రింగు తుప్పుపట్టింది. కాలు కొంచెం ఆనితే చాలు, తగులుకుంటుంది.

"ఇది మా ఇంటి కాలింగ్ బెల్‌ది. చెడిపోయిందని ఆయనే పీకినాడు," అంది రూబీ.

మహేష్ మ్యాట్ పక్కన పడేశాడు. "చేతులు బాగున్నోడు కాలికి హారన్ ఎందుకు పెట్టుకుంటాడక్కా?"

ఆమెకు ఒక్కొక్కటే కళ్ళ ముందుకు వచ్చింది. చర్చిలో పాట పాడేటప్పుడు చప్పట్లు కొట్టకుండా ఆయన కుడిచేత్తో తొడ మీద తట్టడం. నీళ్ళ బిందె భుజాన పెట్టమంటే విననట్టు బయటికి పోవడం. ఎడమచేతిలో బలం లేకపోతే, హారన్ కోసం కుడిచెయ్యి స్టీరింగు వదలాలి. అది వదిలితే కారు అదుపులో ఉండదు. ఆ మలుపులో గేరు మార్చడానికి ఎడమచేతిని ఎట్లా ఈడ్చుకొచ్చేవాడో. ఊరూరా బీపీ చూసే తన ముందే, "నాకేమైంది, చూడాల్సినోళ్ళను చూడుపో" అని నవ్వేవాడు.

"తీసేయనా అక్కా?"

"తీసేయి," అంది.

మరుసటి వారం మలుపులో ఏ చప్పుడూ రాలేదు. దాటిన వెంటనే కారాపి, స్టీరింగు మీద తల పెట్టి ఏడ్చింది. చావు రోజున కూడా అంత ఏడవలేదు.

మేకలు తోలుకొస్తున్న ఆదెమ్మ కిటికీ దగ్గరికి వచ్చింది. అక్కడి గూడెం ఆమె.

"నీ మొగుడు కూడా ఒక్కడే వచ్చినప్పుడు ఇట్నే బండి ఆపుకుంటా ఉన్న్యాడు సిస్టరమ్మా. మలుపుకు ముందర. చెయ్యి పిసుక్కుంటా కూర్చునేటోడు. నేను ఒగసారి నూనె రాసినా. సిస్టర్‌కు చెప్పాకు, బండి తోలనియ్యదు అన్న్యాడు."

"నాకొక మాట చెప్పకపోతివా?"

"చెప్పొద్దన్న్యాడు కదమ్మా," అంది ఆదెమ్మ. మేకలు చెదిరిపోతుంటే వాటి వెంట పోయింది.

రూబీ ముఖం కడుక్కుని టీకాలకు పోయింది. ఆ దారిన ఇప్పటికీ పోతూనే ఉంది. అయితే ఆ మలుపు ఎక్కేటప్పుడు ఎడమకాలిని ఆ మూలకు ఆననివ్వదు. అక్కడ బటన్ లేదని తెలిసినా, ఒళ్ళు ఎంత వాలినా పైకెత్తే పట్టుకుంటుంది.