దిగని యాసిడ్

పొద్దున్నే ల్యాబు తలుపు తీసిన పద్మలత గుమ్మంలోనే ఆగింది: రాగి ఖనిజం నింపిన గొట్టం పైనుంచి యాసిడ్ పొంగి నేలంతా పారుతోంది, కిందికి మాత్రం ఒక్క చుక్కా దిగడం లేదు. ఈ ప్రయోగం ముగిస్తేనే ఆమెకు రాజస్థాన్ గనిలో ఉద్యోగం.

పంపు ఆపి, పైపొర తవ్వి చూసింది. శనగగింజలంత ఖనిజం ముక్కల కింద మైదాలాంటి రాతిపొడి తగిలింది. ముక్కల మధ్య సందులుంటేనే యాసిడ్ రాగిని కరిగించుకుంటూ కిందికి దిగుతుంది. ఆ పొడి సందులన్నీ పూడ్చేసింది. నిన్న సాయంత్రం లేని పొడి ఇది. రెండో తాళంచెవి తోటి పరిశోధకుడు రాజమౌళి దగ్గరే ఉంటుంది.

అతను రాగానే అడిగింది. "మౌళీ, జల్లెడ పట్టి పారబోసే పొడి దీంట్లకెట్లొచ్చింది? మా మేనత్తొచ్చి పోసిందా?"

కోపంగా అందామనుకుంది, వేళాకోళంగా వచ్చింది. అతని ఎదురుబల్ల విడిచి పోవాలంటే కొన్నాళ్లుగా ఆమెకూ మనసు రావడం లేదు.

రాజమౌళి తల దించుకున్నాడు.

"నేనే పోసిన పద్మా. నీకు కనబడొద్దని పైన మల్ల ముక్కలు కప్పిన. గొట్టం కొత్తగ నింపాలంటే జాతర దాటుతది గదా. మేడారం కలిసి పోదామన్నవ్. అమ్మలకు బెల్లం ఇచ్చేటప్పుడు నువ్వు పక్కన ఉండాలనుకున్న. ఉండుమని అడిగే ధైర్యం లేక, నీ పని ఆపిన."