నిదానమక్క చేతి పని

షాపు ఊడవాలి. మడత విరిగిన లాప్‌టాప్‌కి కొత్త కీలు బిగించాలి. ఇంకోదాని ఫ్యానులో దుమ్ము దులపాలి. పక్కషాపు దర్జీ ఫోను సంగతి చూడాలి. గుండెకు మాత్ర వేసుకోవాలి. వీటన్నిటిలో నిదానమక్క రోజూ వాయిదా వేసేది ఆ చివరిదే.

మెట్లకింద గది ఆమె షాపు. కప్పు తలకు తగులుతుందని ఎవరైనా వంగే రావాలి. “మా అక్కకి దణ్ణం పెట్టకుండా లోపలికి ఎవడొస్తాడు!” అంటాడు దర్జీ.

ఆ ఉదయం వంగి వచ్చింది వినపడని పిల్లల బడిలో పంతులమ్మ. లాప్‌టాప్ వెలిగినా సిస్టం తెరుచుకోవడం లేదు. ఎవరో పెన్‌డ్రైవ్ ఇచ్చి సిస్టం కొత్తగా ఎక్కించుకోమన్నారట. అది గుచ్చినా నల్లతెరే.

“ఈ పెన్‌డ్రైవ్ పనిచేసేలా చూడండి, చాలు.”

“చూస్తాలే. పోతే ఏడ్చేది ఏమన్నా ఉందా ఇందులో?”

ఉందంది పంతులమ్మ. సైగలతో చెప్పిన పాఠాల వీడియోలు, ఏళ్లతరబడి ఒక్కొక్కటే తీసుకున్నవి. ఇంకెక్కడా లేవు.

నిదానమక్క ఆ పెన్‌డ్రైవ్‌ను ముందు తన కంప్యూటర్‌కి పెట్టింది. దాంతో సిస్టం మొదలుపెట్టబోతే అక్కడా పలకలేదు. మామూలుగా తెరిచి లోపల చూస్తే ఒకే ఒక్క పెద్ద ఫైలు.

“నెట్ నుంచి దించుకున్నది దించుకున్నట్టే ఇందులో పడేశారు. విత్తనాల మూట పొలంలో పెడితే మొలుస్తుందా తల్లీ? విప్పి చల్లాలి.”

“అయ్యో, నాకు తెలీక...”

“తెలీకపోవడమే మేలైంది. ఇది లేచుంటే, అడిగిన ప్రతిదానికీ సరే అని నొక్కేదానివి. పాఠాలు తుడిచిపెట్టుకుపోయేవి.”

ఏదీ ఎక్కించకుండా, లోపలున్నది చూపించి ఊరుకునే పెన్‌డ్రైవ్ ఒకటి తయారుచేసింది. లాప్‌టాప్ దాన్నీ గడప దాటనివ్వలేదు. సెట్టింగుల్లోకి వెళ్లి, బయటివాటిని అడ్డుకునే కాపలాను తీసింది. ఆపి, వెలిగించి చూసింది. లాభంలేదు. తర్వాత పెన్‌డ్రైవ్‌ను లాప్‌టాప్ లేవగానే వెతికే వరసలో ముందుకు జరిపింది. మళ్లీ ఆపింది. రెండు మార్పులు ఒకేసారి చెయ్యదు. చేస్తే ఏది పనిచేసిందో తెలియదంటుంది.

“అక్కా, ఈలోగా నేను పెళ్లిబట్టలు కుట్టి, వాళ్లకు పుట్టే పిల్లలకి లాగులు కూడా కుట్టేస్తా!” పక్కనుంచి దర్జీ అరిచాడు.

“కుట్టు. చేతులు రెండూ ఒకే పొడుగు వచ్చేలా కుట్టు!”

పంతులమ్మకు నవ్వొచ్చింది. అప్పుడే తెర వెలిగింది. వీడియోలో ఆమె చేతులు చప్పుడు లేకుండా కదిలాయి. పనికి అవసరం లేకపోయినా నిదానమక్క ఆ పాఠం చివరిదాకా చూసింది.

“బంగారంలాంటి పని చేశావమ్మా. రేపు రా. కాపీ తీసుకున్నాకే సిస్టం ఎక్కిస్తా.”

మర్నాడు షట్టరు సగమే ఎత్తి ఉంది. దర్జీ మెట్టుమీద కూర్చున్నాడు.

“అక్క తెల్లారేసరికి లేదమ్మా. నిద్దట్లోనే పోయింది. మీ పని మాత్రం నిన్ననే ముగించింది.”

లాప్‌టాప్ తెరుచుకుంది. పాఠాలన్నీ ఉన్నాయి. దాంతోపాటు గుడ్డలో చుట్టిన చిన్న డిస్కు ఒకటి ఇచ్చాడు. పంతులమ్మ అడగనిది. దానిమీద అంటించిన కాగితం ముక్కపై గుండ్రటి అక్షరాలు: “ఇంకో కాపీ. ఇది వేరేచోట దాచుకో తల్లీ.”

ఆ పాఠాలు నేర్చుకునే పిల్లలు నిదానమక్కను చూడనేలేదు. మీరైనా ఆమెను గుర్తుపెట్టుకోండి. ఆ కాగితం జిగురు ఎన్నాళ్లో నిలవదు.