రంగమ్మాళ్ చేతిలో కడ్డీ

రంగమ్మాళ్ కొడుకు నాగరాజన్ కొత్త కారు కొన్నాడు. రెడ్డియార్‌పాళయమంతా చూడవచ్చింది. అద్దాల కిటికీలు, పైన కప్పు, మీట నొక్కితే లేచే ఇంజను, నడపడానికి వేలాయుధమనే జీతం డ్రైవరు. పక్కనే పాత కారు. కాలం చేసిన ఆమె మగడు వరదరాజన్ ఏనాడో ఒక ఫ్రెంచి దొర దగ్గర కొన్నది. దానికి కప్పూ లేదు, స్టీరింగు చక్రమూ లేదు. తిప్పుకోవడానికి ముందు ఒక కడ్డీ ఉండేది.

"పాతదానికి ఉబ్బసం. కొత్తదానికి ఊపిరి చప్పుడే లేదు," అని నాగరాజన్ వచ్చినవాళ్ళందరికీ రెండిటినీ పోల్చి చూపించాడు. కాకి పిల్ల కాకికి ముద్దు, పోనీలెండి.

రంగమ్మాళ్ కూడా పోల్చుకుంది, పైకి చెప్పలేదు. ఆమె చేతికి కడ్డీ కొత్త కాదు. ఆ ఊళ్ళో పుష్‌పుష్ బండెక్కినవాళ్ళు ముందున్న కడ్డీ పట్టుకుని తామే దారి తిప్పుకుంటారు. వెనక తోసేవాడు ఏమీ అడగడు, కడ్డీ ఎటు తిరిగితే అటు తోస్తాడు. పెళ్ళయిన కొత్తలోనే ఆమెకది అలవాటైంది. అందుకే కారు కొన్నాక వరదరాజన్ సముద్రపు వీధిలో కడ్డీ ఆమెకిచ్చి, నవ్వుతూ పక్కకు జరిగేవాడు. ఉప్పుగాలి, అప్పుడే వెలిగించిన దీపాలు, తన చేతికింద మెల్లగా తిరిగే ఊరు. అదంతా జరిగిందో, కలగన్నదో ఇప్పుడామెకే తెలియడం లేదు.

కొత్త కారెక్కిన మొదటి రోజు, "సముద్రం పక్క తిప్పు నాయనా," అంది.

"అయ్య చెప్పలేదమ్మా," అన్నాడు వేలాయుధం. గుడికి తీసుకెళ్ళి, తిరిగి ఇంటి ముందు దింపాడు. ఆమెకు ఏడుపొచ్చింది.

పాత కారును ఒర్లియంపేట వ్యాపారి ఒకాయన కొన్నాడు. ఇంజను కదల్లేదు కనక తోసుకుపోవడానికి కుప్పన్, తంగవేల్ వచ్చారు. ఇద్దరూ పుష్‌పుష్ తోసేవాళ్ళే. రంగమ్మాళ్ చెంగు బిగించి ఎక్కి కూచుంది.

"మీరు తొయ్యండప్పా. తిప్పేది నేను."

ఒర్లియంపేట మలుపు వచ్చింది. ఆమె కడ్డీని సముద్రం వైపు తిప్పింది. ఏందని వాళ్ళు అడగలేదు. ఎండ తగ్గిన వీధుల్లో, పసుపు గోడల పక్కగా, పాత కారు నిద్రలో నడిచినట్టు సాగింది. ఉబ్బసం లేదు, పొగ లేదు. పక్క సీటు ఖాళీగా ఉందని కూడా ఆమెకు అనిపించలేదు.

నాగరాజన్ కొత్త కారులో వెతుక్కుంటూ వచ్చేసరికి పాతది అలలకెదురుగా ఆగి ఉంది. తిట్టడానికే దిగాడు గాని, తల్లి ముఖం చూసి కోపం మరిచాడు.

"ఏందమ్మా ఇది? యాడికి పోవాల నీకు?"

ఆమె కడ్డీ వదలకుండానే కొడుకు వైపు తిరిగింది.

"ఒర్లియంపేటకే. ఇస్తామన్నది ఇచ్చేయాల గదా. బండి పోతే పోనీరా. ఇప్పుడడిగినావే, యాడికని, ఆ మాట నీ కొత్త కారులో నన్నెవురూ అడగలేదు."

నాగరాజన్ కొత్త కారును వేలాయుధానికి వదిలేశాడు. వెనక్కి వెళ్ళి, కుప్పన్ పక్కన నిలబడి, పాత కారుకు చేతులు ఆనించాడు.

"ఏ దారిన పోదామమ్మా?" అన్నాడు.