ఎక్కడికని అడగని ఇల్లు

యాంగోన్‌లో ఎవరు ఎవరికి ఎదురుపడినా మొదట అనే మాట "బే త్వా మలో లే" అని. ఎక్కడికి బయల్దేరావు అని అర్థం. జవాబు కోసం అడిగేది కాదు. మన దగ్గర "బావున్నారా" అన్నట్టే. "ఇలాగే" అని చెయ్యూపి పోతే సరిపోతుంది. కానీ కూర్మనాథానికి ఆ మాట చెవిన పడితే ఒళ్ళు మండిపోయేది. బియ్యం బస్తాలు మొయ్యడానికి శ్రీకాకుళం వైపు నుంచి ఓడెక్కి వచ్చిన అతని తాత తనతో తెచ్చుకున్న నమ్మకాల్లో అదొకటి. గడప దాటే మనిషిని ఎక్కడికని అడగకూడదు, అడిగితే వెళ్ళిన పని చెడుతుంది. తాత పోయాడు, తండ్రి పోయాడు. ఆ ఊరి మొహం ఏనాడూ చూడని కూర్మనాథం దగ్గర ఈ నమ్మకం మాత్రం చెక్కుచెదరకుండా మిగిలింది.

పైగా అతను డ్రైవరు. అసలే కోతి, ఆపైన కల్లు తాగింది అన్నట్టు, శకునాల పట్టింపు ఉన్నవాడి చేతికి స్టీరింగు ఇస్తే ఇక చెప్పాలా? పొరుగింటి బర్మా ముసలామె గుమ్మంలోంచి ప్రేమగా "ఎక్కడికి?" అనేది. అతను చెప్పులు విప్పి వెనక్కొచ్చి, కాసేపు కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. ముసలామె మళ్ళీ అడిగేది.

ఊళ్ళోనే అహ్లోన్ పేటలో, నది ఒడ్డున ఒక సర్కారు బియ్యం మిల్లు ఉండేది. ఆ మిల్లుకు అమ్మాయిల బాస్కెట్‌బాల్ జట్టు ఉండేది. జీతాల కాగితం మీద వాళ్ళందరూ గుమాస్తాలు, తూకం వేసేవాళ్ళు. అసలు ఉద్యోగం మాత్రం బంతాట. పొద్దున్నా సాయంత్రం ప్రాక్టీసు, వానాకాలం నుంచి లీగు, చివర సెమీఫైనళ్ళు, ఫైనలు. లారీకి కప్పు వేసి బెంచీలు బిగించిన పాత బస్సులో వాళ్ళను తిప్పే పని కూర్మనాథానిది. ఇంజను స్టార్టు చెయ్యగానే వెనక నుంచి ఎవరో ఒక పిల్ల "ఊలే, బే త్వా మలో లే?" అనేది. ఊలే అంటే బాబాయి. బాబాయి వెంటనే ఇంజను ఆపి చేతులు కట్టుకుని కూర్చునేవాడు. పిల్లలు విరగబడి నవ్వేవారు. అందరూ సయా, అంటే మాస్టారూ, అని పిలిచే కోచ్ ఊ బా చిట్ తల పట్టుకునేవాడు. ఒకసారి అలాగే ఆలస్యమై, రెఫరీ ఈల నోట్లో పెట్టుకున్న వేళకి కోర్టులో దిగారు.

నవ్వనిది తార ఒక్కతే. ఆమె కూర్మనాథం కూతురు, ఒక్కగానొక్కతి. జట్టులో అందరికంటే పొట్టి. అయినా బంతిని నడిపించేది ఆమే. ఎవరికి ఎప్పుడు అందించాలో ఆమెకి తెలిసినట్టు ఇంకెవరికీ తెలియదనేవాడు కోచ్. బయటికి వెళ్ళేటప్పుడు "వస్తాను నాన్నా" అనేది. "రా అమ్మా" అనేవాడు తండ్రి. ఆ ఇంట్లో అంతకు మించి ఒక్క మాట ఉండేది కాదు.

ముందటేడు ఫైనల్లో ఓడిపోయారు. కాబట్టి ఎనభై ఎనిమిదిలో కప్పు మనదేనని మిల్లు మిల్లంతా అనుకుంది. లీగు మొదట్లో వరసగా గెలిచారు కూడా. తానొకటి తలిస్తే దైవమొకటి తలచినట్టు, ఆగస్టులో సర్కారు దిగిపోవాలని ఊరు ఊరంతా వీధుల్లోకి వచ్చింది. మిల్లు మూతపడింది. జట్టంతా ఆటలో తొడుక్కునే పసుపు బనియన్లతోనే ఊరేగింపులో నడిచింది. ముందు కెప్టెన్, మా ఖిన్ అనే బర్మా పిల్ల, ఆమె పక్కన తార. వెనకాల కూర్మనాథం బస్సులో మంచినీళ్ళ కుండలు పెట్టుకుని నడక వేగంతో నడిపాడు. దారి పొడుగునా జనం "ఎక్కడికి, ఎక్కడికి?" అని నవ్వుతూ అరిచారు. ఆ రోజుల్లో అతనికి కోపం రాలేదు. బతుకులో మొదటిసారి శకునం మరిచిపోయాడు.

సెప్టెంబరులో సైన్యం గద్దెనెక్కింది. తుపాకులు పేలాయి. వీధులు ఖాళీ అయ్యాయి. ఆ తర్వాత జట్టు కూడా ఖాళీ అవడం మొదలుపెట్టింది. దూరం నుంచి బంతి వేసే చీనా పిల్ల మెయ్‌లింగ్‌ను ఆమె తల్లిదండ్రులు మాండలే పంపించేశారు. కరెన్ తెగ పిల్ల నా పో సెలవు పెట్టి వెళ్ళి తిరిగి రాలేదు. మా ఖిన్ సెలవు కూడా పెట్టలేదు. సైన్యం మీద పోరాడేవాళ్ళతో కలవడానికి సరిహద్దు అడవుల్లోకి వెళ్ళిపోయిందని గొంతు తగ్గించి చెప్పుకున్నారు.

ఊళ్ళో ఎవరూ ఎవర్నీ ఎక్కడికని అడగడం మానేశారు. తెలిస్తే, సైన్యం మనుషులు పట్టుకుని అడిగినప్పుడు చెప్పాల్సి వస్తుందని భయం. పొరుగింటి ముసలామె కూడా గుమ్మంలో నిలబడి ఊరికే చూసేది. ఊరంతా కూర్మనాథం ఇల్లయిపోయింది. ఆ వెర్రిబాగులవాడు మొదట్లో అదీ మంచిదే అనుకున్నాడు!

శీతాకాలంలో లీగు మళ్ళీ ఆడాలని పైనుంచి ఉత్తర్వు వచ్చింది. జనం మామూలుగా ఉన్నారని చూపించాలి కదా. ఊ బా చిట్ దొరికినవాళ్ళను దొరికినట్టు పోగుచేశాడు. పజుండౌంగ్ పేట నుంచి రోజూ వచ్చే టైపిస్టు అమ్ములు, క్యాంటీన్లో వడ్డించే పొడుగు పిల్ల, వేరే జట్టు వద్దన్న ఇద్దరు. వారానికొకరు పోతే వారానికొకరు చేరారు. బనియన్లు అవే, లోపల మనుషులు వేరు. చివరికి అది జట్టు కాదు, అతుకుల బొంత. పాతవాళ్ళలో మిగిలింది తారే. ఆమెనే కెప్టెన్ చేశారు.

ఆ బొంతనే కప్పుకుని ఆ పిల్ల నెట్టుకొచ్చింది. కొత్తవాళ్ళకి ఎక్కడ నిలబడాలో చేత్తో పట్టుకుని చూపించింది. ఓడి, గెలిచి, ఓడి, ఆఖరికి ఎలాగో సెమీఫైనల్‌కి తీసుకొచ్చి నిలబెట్టింది. ఒక సాయంత్రం ప్రాక్టీసు నుంచి వస్తూ డ్రైవరు పక్క సీట్లో కూర్చుంది.

"మా ఖిన్ బనియన్ ఆ క్యాంటీన్ పిల్లకిచ్చినారు నాన్నా. దాన్ని సూస్తే నా సేతుల్లోంచి బంతి కదలట్లేదు."

"బంతి ఎవరికిచ్చినా బంతే కదమ్మా," అన్నాడు కూర్మనాథం.

తార కిటికీ వైపు తిరిగింది. అతను గేరు మార్చి నడుపుకుంటూ పోయాడు.

సెమీఫైనల్ రోజు పొద్దున్న కూర్మనాథం వీధి కుళాయి దగ్గర బస్సు కడుగుతున్నాడు. తార బయటికొచ్చింది. భుజాన గుడ్డసంచి ఉంది. కాళ్ళకి ఆట బూట్లు లేవు, రబ్బరు చెప్పులున్నాయి. ఆట సాయంత్రం కదా, బూట్లు తర్వాత తీసుకుంటుంది కాబోలు అనుకున్నాడు.

"వస్తాను నాన్నా."

"రా అమ్మా."

ఆమె కదల్లేదు. బస్సు మీద చెయ్యి వేసి నిలబడింది. అతను బకెట్టు నింపుకున్నాడు. ఆమె ఇంకా నిలబడే ఉంది. అడుగుదామన్న మాట అతని నాలిక చివరిదాకా వచ్చింది. ఇంత పొద్దున్నే, సంచితో, ఎక్కడికమ్మా? కానీ ఆ సాయంత్రమే ఆట. ఏడాదంతా పడ్డ పాట్లన్నీ ఆ ఒక్క ఆట మీద ఉన్నాయి. ఆ రోజున పిల్లకి ఎదురడిగి చేజేతులా చెడగొడతాడా? నోరు నొక్కుకున్నాడు. ఆమెకేసి చూసి నవ్వాడు కూడా.

"జాగర్త నాన్నా," అని తార వెళ్ళిపోయింది.

సాయంత్రం బస్సులో ఆమె తప్ప అందరూ ఎక్కారు. నేరుగా కోర్టుకే వస్తుందేమో అనుకుని బయల్దేరారు. అక్కడ కోచ్ గేటు దగ్గర నిలబడి ఉన్నాడు.

"కూర్మా, తార ఏది?"

"పొద్దున్న ఎల్లినాది సయా."

"ఎక్కడికి?"

కూర్మనాథం బస్సు వైపు తిరిగి చూశాడు. "నాకు తెలీదు," అన్నాడు.

ఊ బా చిట్ అతని మొహంలోకి చూసి, తల దించుకుని లోపలికి వెళ్ళాడు. ఇలాంటి మొహాలు ఆ సీజన్లో అతను చాలా చూశాడు. గ్యాలరీలో సైనికుల కుటుంబాలను బస్సుల్లో తెచ్చి కూర్చోబెట్టారు. చప్పట్లు కొట్టమన్నప్పుడు కొట్టారు. మిల్లు పిల్లలు బంతి పట్టుకుని ఎవరికివ్వాలో తెలియక ఒకర్నొకరు చూసుకున్నారు. ప్రతి ఈలకీ గేటు వైపు తిరిగారు. అమ్ములు అయితే ఆడినంతసేపూ ఏడుస్తూనే ఆడింది. దారుణంగా ఓడిపోయారు. నవ్వుకోవడానికి కూడా ఎవరికీ మనసు రానంత దారుణంగా ఓడిపోయారు. ఆ జట్టు మళ్ళీ కోర్టులో దిగలేదు.

ఇంటికొచ్చేసరికి భార్య హైమ గుమ్మంలో ఉంది. కూతురి మంచం కింద బూట్లు చూసిన తల్లికి అప్పటికే అర్థమైంది.

"నీ ముందరే ఎల్లినాదా?"

"ఊఁ."

"సంచితో?"

"ఊఁ."

"ఎక్కడికే అని ఒక్క మాట అడగనేదా?"

"ఆట రోజు కదే... ఎదురడగకూడదని..."

హైమ మొగుడి చొక్కా పట్టుకుని గుంజింది. "నీ శకునం మండా! నీ తాత తెచ్చిన ముదనష్టం మండా! కన్నకూతురు మూట సర్దుకుని నీ ముందర నిలబడితే ఏటి సేస్తన్నావు నువ్వు? బండి కడుక్కుంటన్నావా?"

తర్వాత మఫ్టీలో మనుషులొచ్చారు. నీ కూతురు ఎక్కడికి వెళ్ళిందని అతన్ని అడిగారు. తెలియదన్నాడు. తీసుకెళ్ళి కొట్టారు. తెలియదనే చెప్పాడు. నిజంగా తెలియనివాడి దగ్గర ఏం రాబడతారు? చివరికి విసిగి వదిలేశారు. మిల్లులోవాళ్ళు అతన్ని పరామర్శించి, "అడక్కపోవడమే మంచిదయింది. తెలిసుంటే ఆ దెబ్బలకి చెప్పేసేవాడివి. నీ నమ్మకమే పిల్లని కాపాడింది," అన్నారు. మునిగేవాడికి గడ్డిపోచ దొరికినట్టు కూర్మనాథం ఆ మాట పట్టుకున్నాడు. పడుకునే ముందు రోజూ అదే తలుచుకునేవాడు. హైమ మాత్రం అతనితో మాటలు మానేసింది. అన్నం పెట్టి అవతలికి పోయేది.

వానలు పడ్డాక మా ఖిన్ వాళ్ళ అన్న రహస్యంగా కబురు తెచ్చాడు. సరిహద్దు అడవిలో విషజ్వరాలు. మందుల్లేవు. చాలామంది పిల్లలు పోయారు. వాళ్ళలో తార ఉంది. ఎక్కడ పాతిపెట్టారో కబురు తెచ్చినవాడికీ తెలియదు.

శవం లేదు, చితి లేదు. పజుండౌంగ్ కాలవ ఒడ్డున తెలుగువాళ్ళు నలుగురు కూడి చెయ్యవలసింది చేయించారు. గట్టిగా ఏడిస్తే ఎవరికి వినబడుతుందోనని ఏడుపు కూడా కొంగు నోట్లో కుక్కుకునే ఏడ్చారు.

అందరూ లేస్తుంటే అమ్ములు అతన్ని పక్కకి పిలిచింది. ఆ పిల్ల చిక్కి సగమైంది.

"బాబాయ్, ఇది మింగలేక కక్కలేక సస్తన్నాను. సెప్పీనా?"

"సెప్పమ్మా."

"ఆటకి ముందురోజు అక్క నాతో అన్నాది. ‘రేపు పొద్దున్న నాన్న దగ్గర నిలబడతాను. ఎక్కడికమ్మా అని ఒక్క మాట అడిగితే, నాన్న దగ్గర నాకు అబద్దం రాదు, సెప్పేస్తాను. సెప్పేస్తే ఇంక ఎల్లను. మీతో ఆటకొచ్చేస్తాను. అడక్కపోతే ఎలిపోతాను’ అన్నాది. నేను నవ్వినాను బాబాయ్. నీకు తెలీదేటక్కా, బాబాయి ఎవుర్నీ అడగడు కదా అన్నాను." ఆ పిల్ల మొహం కప్పుకుంది. "‘ఈ ఒక్కపాలి అడుగుతాడేమోనే’ అన్నాది."

కూర్మనాథం ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. "నీ తప్పు కాదులే," అన్నాడు. తనెలా ఇంటికి నడిచొచ్చాడో అతనికి తెలియదు.

ఆ రోజే హైమ మనసు కరిగింది. ఎన్నో నెలల తర్వాత అతని పక్కన పీట వేసుకుని కూర్చుంది. కంచంలో అన్నం కలిపి ముందుకు జరిపి, అతని మోకాలి మీద చెయ్యి వేసింది.

"తిను. ఇన్నాళ్ళూ నిన్ను పీక్కుతిన్నాను. నువ్వు మాత్రం ఏటి సేస్తావు? అడిగినా అది ఆగునా? అంత గట్టి పిల్ల. ఏదో ఒకటి సెప్పేసి ఎలిపోయీది. దాని రాత అంతే. తినయ్యా."

ఆ క్షణంలో అన్నం తినేసి ఉంటే సరిపోయేది. ఆమె చూపిన క్షమ మెదలకుండా పుచ్చుకుని ఉంటే ఇద్దరూ ఎలాగో బతికేవారు. కానీ ఆ ముద్ద అతనికి నోట్లో దిగలేదు. తనది కాని మాఫీని ఎలా తినడం?

"ఆగేదట," అన్నాడు.

"ఏటి?"

"అడిగితే ఆగిపోయేదట హైమా. అడుగుతానేమోనని నిలబడినాదట." అమ్ములు చెప్పినదంతా ఒక్క ముక్క మిగల్చకుండా చెప్పాడు.

హైమ చివరిదాకా విన్నది. అతని మోకాలి మీద వేసిన చెయ్యి మెల్లగా తీసేసుకుంది.

"అడగవలిసిన పొద్దు నోరు మూసుకున్నావు," అంది. "మూసుకోవలిసిన పొద్దు తెరిసినావు. దాని రాత అనుకుని పడుకుందునే నేను. ఇప్పుడు రోజూ నా పిల్ల నీ బండి కాడ నిలబడే ఉంటాది కదయ్యా. నేనెలాగ బతకను?"

కంచం ముందు కూర్చుని కూర్మనాథం గట్టిగా, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. వీధిలోకి వినబడుతుందని కూడా చూసుకోలేదు. హైమ లేచి తలుపు వేసి, తన పీట తీసుకుని అవతలి గదిలోకి వెళ్ళిపోయింది.