ఏ దేశపు గిటారు

ఎలీషా రెండు స్క్రూలు పళ్ళ మధ్య పట్టుకుని, మూడోదాన్ని గిటారు పక్కన కేబుల్ గుచ్చే చోట బిగిస్తున్నాడు. చర్చిలో ప్రమాణాలు అయిపోయాయి. పెళ్ళికూతురు, పెళ్ళికొడుకు చెరువు గట్టు మీద ఫొటోలు తీయించుకుంటున్నారు. వాళ్ళు పందిట్లోకి వచ్చేసరికి పాట అందుకోవాలి.

"నోట్లోవి తీసెయ్యండి బాబాయ్‌గారూ, మింగేస్తారు," అంది ప్రసన్నకుమారి, మైకు సరిచూసుకుంటూ. ఆర్కెస్ట్రాలో పాటలు పాడే అమ్మాయి ఆమె.

ఎలీషా నవ్వి స్క్రూలు చేతిలోకి ఉమ్మాడు. యాభై దాటిన మనిషి. బక్కపలచన. కాలరు అరిగిన తెల్లచొక్కా, నూనె రాసి వెనక్కి దువ్విన జుట్టు. ఎడమచేతి చిటికెనవేలు లోపలికి వంగిపోయి ఉంటుంది. ఏలూరులో తండ్రి తివాచీలు నేసేవాడు. మగ్గం దగ్గర కూర్చోవలసిన కొడుకు చర్చిలో గిటారు పట్టుకుని కూర్చున్నాడని తెలిసిన రోజు, దారాన్ని అణిచికొట్టే ఇనప దువ్వెనతో ఆ చేతి మీద కొట్టాడు. ఎముక అతుక్కుంది గానీ వేలు తిన్నగా రాలేదు. తీగలు నొక్కడానికి మిగిలిన మూడువేళ్ళతోనే ఎలీషా నేర్చుకున్నాడు. ఆ మూడువేళ్ళే పెళ్ళాంబిడ్డల్ని పోషించాయి.

కొట్టడం అతనికీ తెలుసు. వయసులో ఉండగా తన ఎర్రగిటారు జపాన్‌దని అందరికీ చెప్పుకునేవాడు. తాడేపల్లిగూడెంలో ఒక డ్రమ్మరు దాన్ని చూసి, "జపానా పాడా, ఇది కొరియాది," అని నవ్వితే మైకు స్టాండు ఎత్తి మూతి మీద కొట్టాడు. ఆ కుర్రాడి ముందుపళ్ళు రెండూ ఊడిపోయాయి. కొన్నాళ్ళకు గిటారు మెడ వంగింది. విప్పి చూస్తే లోపలి చెక్క మీద కొరియా అన్న ముద్ర కనిపించింది.

ఆ సంగతి భార్య యేసమ్మకొక్కదానికే చెప్పాడు.

"అయితే పాట మారిపోయిందాండీ?" అని అడిగిందామె.

"లేదు. అలాగే పలుకుతోంది."

"మరి ఆ అబ్బాయి పళ్ళెందుకు రాలగొట్టారు?"

ఎలీషా స్క్రూడ్రైవరు అందుకున్నాడు. ఆ గిటారునే తిరిగి బిగించుకుని, ఇన్నేళ్ళుగా వాయిస్తూనే ఉన్నాడు. దేశం పేరు మాత్రం మళ్ళీ ఎక్కడా ఎత్తలేదు.

పందిరి ముందు కారు ఆగింది. చేపల చెరువుల ఆసామి వెంకట్రాజు దిగాడు. ఆయన వెనక, చెరువుల దగ్గర పనిచేసే మనుషులిద్దరు. వాళ్ళ వెనక తలొంచుకుని ఆయన కొడుకు విశ్వతేజ. కోడిని మెడ పట్టుకుని తెచ్చినట్టు వెంకట్రాజు ఒక కొత్త గిటారును పట్టుకుని వచ్చాడు. ఆర్కెస్ట్రా యజమాని జోగారావు చేతులు జోడించి ఎదురెళ్ళాడు. వెంకట్రాజు ముందు అతని చెంప మీద కొట్టి, ఆ తర్వాత మాట్లాడాడు.

"ఇది అమెరికాదని చెప్పి అంటగట్టావు కదయ్యా?"

"అమెరికాదేనండి రాజుగారూ!"

"విజయవాడలో మెడ విప్పి లోపలి ముద్ర చూపించారంట. నా కొడుకు కాలేజీలో నలుగురికీ అమెరికా గిటారని చెప్పుకుని, ఆ నలుగురి ముందే నవ్వులపాలయ్యాడు. ఇంట్లోంచి బయటికి రావట్లేదు."

"వాళ్ళకేం తెలుసండి? మా ఎలీషానడగండి. ముప్పై ఏళ్ళ బట్టీ వాయిస్తున్నాడు."

అందరి కళ్ళూ ఎలీషా మీదికి తిరిగాయి. విశ్వతేజ కూడా తలెత్తాడు. జోగారావు దుకాణంలో ఆ గిటారుకు తీగలు కట్టి ఇచ్చింది ఎలీషానే. గిటారు తల వెనక, చేసిన దేశం పేరు చిన్న అక్షరాల్లో ఉండే చోట గరుకు కాగితంతో రుద్ది మళ్ళీ వార్నిషు పూసి ఉండటం చేతికి తగిలింది. ఆ రకం ఇండోనేషియాలో చేస్తారని అతనికి తెలుసు. అప్పుడు ఈ కుర్రాడే, "అమెరికాదేనా అంకుల్?" అని అడిగాడు. "చాలా బాగుంది బాబూ," అని తప్పించుకున్నాడు ఎలీషా. దుకాణం దిగి వెళ్ళేటప్పుడు కుర్రాడు దాన్ని చంటిపిల్లను ఎత్తుకున్నట్టు ఎత్తుకుని వెళ్ళాడు.

జోగారావు కళ్ళతోనే బతిమాలుతున్నాడు.

"అమెరికాది కాదండి," అన్నాడు ఎలీషా. "ఇండోనేషియాలో చేశారండి. కానీ చెత్తది కాదండి రాజుగారూ. మెడ తిన్నగా ఉంది. పలుకు బాగుంటుంది. బాబు ఎన్నాళ్ళయినా వాయించుకోవచ్చు. అమ్మబోతే మాత్రం అమెరికాదాని ధర రాదండి. ఆ మాట నేను ఆ రోజే బాబుకి చెప్పాల్సింది. చెప్పలేదు."

"బాగుంటే ఎవడిక్కావాలయ్యా?" అన్నాడు వెంకట్రాజు.

మనుషులిద్దరూ జోగారావును కింద పడేశారు. ఒకడు డొక్కలో తన్నాడు. ఇంకొకడు ప్లాస్టిక్ కుర్చీ ఎత్తి వీపు మీద అది విరిగేదాకా బాదాడు. భోజనాల బల్ల ఒరిగి సాంబారు గిన్నె దొర్లింది. ఆడవాళ్ళు పిల్లల్ని లాక్కుని చర్చి గోడవైపు పరుగెత్తారు. ఎలీషా ఒకడి చెయ్యి పట్టుకుని వేలాడాడు. వాడు విదిలిస్తే స్పీకరు మీద పడి, లేచి మళ్ళీ పట్టుకున్నాడు. "నాన్నా, చాలు! వాయించుకుంటాను నాన్నా!" అని విశ్వతేజ ఏడుస్తున్నాడు. వెంకట్రాజు గిటారును నేలకేసి విసిరి, కొడుకును రెక్క పట్టుకుని కారెక్కించాడు.

కారు వెళ్ళిపోయాక ఎవరూ కదల్లేదు. జోగారావు మోచేతుల మీద లేచాడు. ముక్కులోంచి రక్తం చొక్కా మీదికి కారుతోంది. పెళ్ళికొచ్చిన వాళ్ళంతా తననే చూస్తున్నారు. నేల మీది గిటారును రెండు చేతులతో ఎత్తుకుని అతను ఎలీషావైపు నడిచాడు.

"ఒక్క అబద్ధమాడితే నీ సొమ్మేం పోయేదిరా?"

ఎలీషా చెయ్యి అడ్డం పెట్టుకోలేదు. జోగారావు కొడతాడని అతననుకోలేదు. గిటారు అంచు చెవి పైన తగిలింది. మెడ, బొమిక విరిగిన చప్పుడుతో మొదటికంటా విరిగిపోయింది. ఎలీషా మోకాళ్ళ మీద కూలబడి, కాసేపటికి తనంతట తనే లేచాడు.

రక్తం రాలేదు. అందుకే అందరూ పెద్ద దెబ్బ కాదనుకున్నారు. ప్రసన్నకుమారి గట్టు మీద చేపలు సర్దుతున్న వ్యాను దగ్గరికి పరుగెత్తి ఐసు ముక్కలు తెచ్చి, తన చేతిరుమాలులో ముడి వేసి ఇచ్చింది.

"ఆసుపత్రికెళ్దాం బాబాయ్‌గారూ."

"పిల్లలొచ్చేస్తున్నారమ్మా. పాట అందుకో."

దుమ్ము కొట్టుకున్న పెళ్ళిబట్టలతో కొత్త జంట బెరుగ్గా లోపలికి వచ్చింది. ఎలీషా ఎర్రగిటారు భుజాన వేసుకుని వాయించాడు. రెండో చరణంలో మాత్రం ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ వాయిస్తూ ఉండిపోయాడు. ప్రసన్నకుమారి గొంతు పెంచి, పాటను దాటించింది.

సాయంత్రం సామాను వ్యానుకెక్కించాక జోగారావు వచ్చి నిలబడ్డాడు. ముఖం వాచి ఒక కన్ను మూసుకుపోయింది.

"ముందు సీట్లో కూర్చోరా," అన్నాడు ఎటో చూస్తూ.

"నేను బస్సుకి పోతాను."

"ఎలీషా..."

"నువ్వు వెళ్ళు జోగారావూ."

ఏలూరు బస్సులో ప్రసన్నకుమారి అతని పక్కనే కూర్చుంది. గణపవరం దాటాక అతను కిటికీలోంచి తల బయటికి పెట్టి వాంతి చేసుకున్నాడు. ఆమె భయపడి, దిగి ఆటోలో ఆసుపత్రికి పోదామంది.

"పొద్దున్నుంచీ ఏం తినలేదు కదమ్మా, అందుకే. కాస్త నిద్రపోతే సర్దుకుంటుంది." మూతి తుడుచుకుని, "రాజుగారబ్బాయి వేళ్ళు చూశావా? ఎంత పొడుగో. వాడు వాయిస్తాడు," అన్నాడు.

"మాట్లాడకండి. పడుకోండి."

బస్సెక్కేముందు ఆమె మళ్ళీ ఐసు నింపి ఇచ్చిన మూటను అతను చెవి మీద అదుముకుని కిటికీకి తల ఆన్చాడు. రోడ్డుకు రెండు పక్కలా చెరువులు ఎర్రబడుతున్నాయి. కాసేపటికి అతని గురక వినిపించింది. అది విని ఆమె మనసు కుదుటపడింది, ఆమెకూ కునుకు పట్టింది.

ఏలూరులో అందరూ దిగిపోతున్నారు. ప్రసన్నకుమారి అతని భుజం తట్టింది. మళ్ళీ తట్టింది. ఆమె కేక విని కండక్టరు పరుగెత్తుకొచ్చి, ముక్కు దగ్గర వేలు పెట్టి చూసి, ఊపిరి లేదని డ్రైవరును పిలిచాడు. ఇద్దరూ కలిసి అతన్ని దింపి స్టాండులో బెంచీ మీద పడుకోబెట్టారు. అతని ఎర్రగిటారును గుండెలకు హత్తుకుని ప్రసన్నకుమారి యేసమ్మకు ఫోను చేస్తోంది. ఎన్నిసార్లు నొక్కినా వేలు వేరే నంబరు మీద పడుతోంది.

ఖాళీ బస్సులో, కిటికీ పక్క సీటు మీద, చేపల వాసన వేస్తున్న తడి రుమాలు ఐసంతా కరిగిపోయినా ముడి విడకుండా ఉండిపోయింది.