అత్తమ్మ గంతే అనేదాకా

మా ఆయన పేరు అరుణ్. ఈ వాక్యం రాయాలంటే నాకు ఇప్పటికీ నవ్వొస్తుంది, మొగుణ్ణి పేరు పెట్టి పిలవకూడదంటారు కదా. పెళ్ళై యాభై రోజులైంది. అందులో చివరి నెలంతా సకల జనుల సమ్మె. అరుణ్ సర్కారు బడి టీచరు కాబట్టి పొద్దున జగిత్యాల తహసీల్ చౌరస్తాలో శిబిరంలో కూర్చుని, పదకొండుకల్లా ఇంటికొచ్చి నా చుట్టూ తిరుగుతున్నాడు.

నా ఉద్యోగం హైదరాబాద్‌లో. సెలవు ఎప్పుడో అయిపోయింది. బస్సులు లేవని చెప్పి ఇక్కడే ఉన్నాను. తెలంగాణ రావాలని అందరితో పాటు నేనూ గొంతు చించుకున్నాను గానీ, బస్సు మాత్రం ఇప్పుడప్పుడే రాకూడదని లోపల మొక్కుకుంటున్నాను. అది నడిచిన రోజే నేను ఎక్కాలి. అరుణ్‌ని చూడాలంటే మళ్ళీ నెలకోసారే.

రేపో ఎల్లుండో బస్సులు కదులుతాయన్న మాట వినబడిన రోజే కోరుట్ల నుంచి వెంకటేశం సార్ ఫోన్ చేశారు. ఆయన అక్కడ చిన్న సాఫ్ట్‌వేర్ ఆఫీసు నడుపుతారు. అందులో పని ఉందేమోనని ముందే అడిగి ఉంచాను. గ్రంథాలయాల పుస్తకాల జాబితా పంపారు. అది ప్రతి వివరం మొదట్లోనూ చివర్లోనూ గుర్తులుండే ఒక పెద్ద ఎక్స్ఎంఎల్ ఫైల్‌గా ఉంది. అందులోంచి ప్రతి పుస్తకం పేరూ రచయిత పేరూ ఏరి వేరే పట్టికగా ఇవ్వాలి. రేపు సాయంత్రం ఐదింటికల్లా తెస్తే ఉద్యోగం. జగిత్యాల నుంచి కోరుట్లకు రోజూ వెళ్ళి రావచ్చు!

మర్నాడు కరెంటు పదకొండుకు వచ్చింది. రెండింటికి పోతుంది. అరుణ్ పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను. ఫైల్ మొత్తాన్ని ఒకేసారి మెమరీలోకి ఎక్కించే ప్రోగ్రాం రాసి నడిపాను. ఫ్యాను మా సిరిసిల్ల మరమగ్గంలా మోగింది. తెర బిగుసుకుపోయింది. ఆపి మళ్ళీ నడిపాను. మళ్ళీ బిగుసుకుంది. ఒంటిగంట కావస్తోంది.

"ఏమైంది బిడ్డా, మొఖం గట్ల పెట్టినవ్?" అంది అత్తమ్మ.

మా అత్తమ్మ కొమురమ్మ గడప దగ్గర చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చేస్తోంది. ఒక ఆకు తీస్తుంది, తంబాకు పోస్తుంది, చుడుతుంది, దారం కడుతుంది, పక్కన వేస్తుంది. తర్వాతే ఇంకో ఆకు.

"అత్తమ్మా, గంపల ఆకంతా ఒక్కసారే ఒళ్ళ పోసుకుంటే?"

"పిచ్చి లేసిందా? బీడీ ఏడ చేస్త మల్ల?"

నేను లేచి అత్తమ్మ బుగ్గ మీద ముద్దు పెట్టాను. ఆమె చాట ఎగిరినంత పనైంది.

ఫైల్‌ని మొదటి నుంచి చదువుకుంటూ పోయే పద్ధతి ఒకటుంది. కాలేజీలో పరీక్ష కోసం బట్టీపట్టి మరిచిపోయాను. ఏదీ దాచిపెట్టుకోదు. "పుస్తకం మొదలైంది", "పేరు మొదలైంది", "ఇదిగో అక్షరాలు", "పేరు అయిపోయింది" అని ఒక్కొక్క సంఘటనే మనకు చెబుతుంది. మనం ఆ పని చేసి వదిలేయాలి. అలాగే రాశాను. నాలుగు నిమిషాల్లో ఫైల్ అంతా పరుగెత్తింది!

అరుణ్ పట్టిక చూసి పకపకా నవ్వాడు. "'గులో మెలకువలు' అట. ఇదేం పుస్తకం స్రవంతీ?"

చాలా పేర్లు బాగానే ఉన్నాయి. అక్కడక్కడా కొన్నింటికి తల తెగిపోయింది. అసలు ఫైల్‌లో వెతికితే అది 'పత్తి సాగులో మెలకువలు'. టైం ఒకటిన్నర. నాకు ఏడుపొచ్చేలా ఉంది.

అప్పుడే అత్తమ్మ పిలిచింది. "బిడ్డా, గా గోలెంల నీళ్ళు..."

కొత్త కోడలిని కదా, మాట పూర్తి కాకముందే ఉరికాను. వాకిట్లోని ఆ మట్టి నీళ్ళతొట్టిని ఒక్కసారిగా వంచి నీళ్ళన్నీ మల్లెచెట్టుకు పోశాను. లోపలికొచ్చేసరికి అత్తమ్మ చేతిలో బీడీకి దారం కట్టడం అయిపోయింది. అప్పుడు మిగతా మాట చెప్పింది.

"...తాగేటందుకు పట్టిన, ఎవ్వలను ముట్టనియ్యకు. గంతే."

వాకిట్లో బోర్లా ఉన్న గోలెం చూసి అత్తమ్మ నోరు తెరిచింది. "ఓ పిల్లా! నేను గంతే అన్ననా? గంతే అనేదాక ఆగరాదు?"

దారం కట్టేటప్పుడు అత్తమ్మ మాట మధ్యలో ఆగిపోతుంది; మొత్తం చెప్పాకే 'గంతే' అంటుంది. యాభై రోజులుగా సగం మాటకే ఉరుకుతున్నాను. ప్రోగ్రాంలోనూ అదే చేశాను. ఒక పేరులోని అక్షరాలు ఒక్కోసారి రెండు ముక్కలుగా వస్తాయి. నేను రెండో ముక్క రాగానే మొదటిది పారేస్తున్నాను. పేరు మొదలవగానే ఖాళీ సంచి పట్టాలి, వచ్చిన ముక్కనల్లా అందులో వేయాలి, "పేరు అయిపోయింది" అన్నాకే బయటికి తీయాలి.

ఒకటీ యాభైకి మళ్ళీ నడిపాను. పత్తి సాగు తలతో సహా వచ్చింది. పెన్ డ్రైవ్ అరుణ్ చేతికిచ్చేసరికి కరెంటు పోయింది. అరుణ్ కోరుట్లకు బండి తీశాడు. నేను పక్కింటి బోరు నీళ్ళు మోసి గోలెం నింపాను.

ఐదింటికి ఫోన్ మోగింది. అరుణ్ గొంతు పక్కనున్న అత్తమ్మకూ వినబడుతోంది. "స్రవంతీ, సార్ ఫైల్ చూసిండు. మస్తు ఖుష్ అయిండు. గని..." అంటుండగా నా ఫోన్లో చార్జింగ్ అయిపోయింది.

అత్తమ్మ అప్పటికే చక్కెర డబ్బా మూత తీసింది. "ఖుష్ అయిండంట గదా! నోరు తెరువు!"

"ఆగు అత్తమ్మా. గని అన్నడు. ఇంకా అయిపోలే."

గంటసేపు ఇద్దరం గడపలో కూర్చున్నాం. ఆమె ఒక్క బీడీ చేయలేదు. చివరికి బండి చప్పుడు. అరుణ్ ఇంకా దిగనే లేదు.

"గని ఇంత పాత కంప్యూటర్ మీద ఎట్ల చేసిందని అడిగిండు," అన్నాడు. "సోమవారం నుంచి రమ్మన్నడు."

నేను కదల్లేదు.

"ఏందే, ఇనబడలేదా? ఉద్యోగం అచ్చింది!"

"ఇంకేమన్న ఉందా?"

అరుణ్ నన్నూ, పిడికిట్లో చక్కెర పట్టుకుని నిలబడ్డ వాళ్ళమ్మనూ మార్చి మార్చి చూశాడు.

"ఇంకేముంటది? గంతే!"

వీధి వీధంతా వినబడేలా, అత్తమ్మ ముందే, మొదటిసారి ఆయన్ని పేరు పెట్టి పిలిచి బండి మీదికి దూకాను.